పంచరు వేసిన టైరు.. స్పీడు రోడ్డు మీద ఎంతవరకు నమ్మొచ్చు?

వర్ధన్నపేట నుంచి శంషాబాద్ దాకా: మన ఇళ్లు, మన షాపులు, సర్కారు ఆలోచించాల్సిన సంగతి

తెల్లవారుజాము మూడు గంటలు. వర్ధన్నపేటలో ఒక ఇంటి ముందు అద్దె కారు వచ్చి ఆగింది. ఉమ్రాకు బయల్దేరిన అమ్మీ, అబ్బా. సాగనంపడానికి ఇద్దరు కొడుకులు, ఒక కోడలు, ఆమె ఒళ్లో చంటిపిల్ల. డిక్కీలో పట్టని సూట్‌కేసులను పైన క్యారియర్‌కు కట్టారు. పాస్‌పోర్టులు పెట్టుకున్నారా, టికెట్లు ఉన్నాయా, అబ్బా షుగర్ మాత్రలు మరిచిపోలేదు కదా అని నాలుగుసార్లు అడిగారు. దువా చేశారు. కారు కదిలింది. టైర్లు ఎలా ఉన్నాయని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఇది ఫలానా ఇంటి కథ కాదు. హజ్, ఉమ్రాలకు వెళ్లే పెద్దలున్న ప్రతి ఇంట్లో, జెద్దా, రియాద్, దుబాయ్‌లలో కొలువు చేసే పిల్లలున్న ప్రతి ఊళ్లో జరిగేదే. ఆ కారు వెనక టైరుకు నెల కింద రోడ్డు పక్క షాపులో పంచరు వేయించి ఉండొచ్చు. పది నిమిషాల పని, వందో నూట యాభయ్యో ఖర్చు. అప్పటి నుంచి ఆ బండి వర్ధన్నపేట, వరంగల్ మధ్య రోజూ తిరుగుతోంది. గాలి కూడా దిగలేదు. మరి అదే టైరుతో ఔటర్ రింగ్ రోడ్డు మీద 120లో పోవచ్చా?

సూటిగా చెప్పాలంటే, కొన్ని పంచర్ల తర్వాత పోవచ్చు, కొన్ని పంచర్ల తర్వాత అస్సలు పోకూడదు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. తేడా తెలిసేది టైరు విప్పి లోపల చూసిన మనిషికి ఒక్కడికే. మన దగ్గర చాలా పంచర్లు టైరు విప్పకుండానే అయిపోతున్నాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

అదే టైరు, మారిన రోడ్డు

వర్ధన్నపేట జాతీయ రహదారి 563 మీద ఉంది. జగిత్యాల నుంచి కరీంనగర్, వరంగల్ మీదుగా ఖమ్మం వైపు వెళ్లే దారి ఇది. లారీలు, ఆర్టీసీ బస్సులు, ఆటోలు, ట్రాక్టర్లు, బైకులు అన్నీ ఈ ఊరి మీంచే పోతాయి. సీజన్‌లో రోడ్డు అంచున వడ్లు ఆరబోస్తారు. గేదెలు అడ్డొస్తాయి. ఊళ్ల దగ్గర 50, 60 దాటడమే కష్టం. ఈ వేగంలో ఎలాంటి పంచరైనా నెట్టుకొస్తుంది. ‘బండి నడుస్తూనే ఉంది కదా’ అనే ధీమా ఇక్కడే మొదలవుతుంది.

వరంగల్ దాటి హైదరాబాద్ వైపు 163వ నంబర్ రహదారి ఎక్కితే పరిస్థితి వేరు. నాలుగు లేన్లు, నడుమ డివైడర్. జనగామ, ఆలేరు, భువనగిరి దాటేసరికి స్పీడోమీటర్ ముల్లు మనకు తెలియకుండానే 100 దగ్గర ఉంటుంది. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కితే ఇంకా ముందుకు పోతుంది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీద మొదటి రెండు లేన్లలో గరిష్ఠ వేగాన్ని 2023లో 100 నుంచి 120కి పెంచారు.

రోడ్లు బాగుపడ్డాయి, కార్లు బాగుపడ్డాయి. పంచరు వేసే పద్ధతి మాత్రం చాలాచోట్ల పాతదే.

వేగం పెరిగితే టైరులో ఏమవుతుంది?

చిన్న లెక్క వేద్దాం. మామూలు కారు టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి దాదాపు 1.9 మీటర్లు ముందుకు పోతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ టైరు సెకనుకు దాదాపు 15 చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ నేలకు తగిలిన భాగం నలిగి, మళ్లీ గుండ్రంగా మారుతుంది. అంటే టైరులోని ప్రతి అంగుళం నిమిషానికి 870 సార్లు నలుగుతోందన్న మాట. ఇనుప తీగను మాటిమాటికీ వంచితే వేడెక్కుతుంది చూడండి, టైరు కూడా అలాగే వేడెక్కుతుంది. మన దగ్గర వేసవిలో 44, 45 డిగ్రీల ఎండ పడితే తారు రోడ్డు అంతకంటే ఎక్కువ మండుతుంది. లోపలి వేడికి బయటి వేడి తోడవుతుంది.

రెండోది, బయటికి లాగే బలం. తాడుకు రాయి కట్టి తిప్పితే చేతిని లాగినట్టే, తిరిగే టైరు మీది ప్రతి ముక్కనూ ఆ బలం బయటికి లాగుతుంది. టైరు మీద 10 గ్రాముల రబ్బరు ముక్క ఉందనుకుందాం. 60 వేగంలో దాన్ని లాగే బలం కిలో బరువుకు కాస్త తక్కువ. 100లో దాదాపు రెండున్నర కిలోలు. 120లో నాలుగు కిలోలకు దగ్గర. వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగు రెట్లవుతుంది. ఊళ్లో పట్టు సడలని అతుకు ఔటర్ మీద సడలడానికి ఇదొక కారణం.

మూడోది, అన్నిటికంటే ప్రమాదకరమైనది, గాలి తక్కువ కావడం. సరిగా మూయని రంధ్రం నుంచి గాలి మెల్లగా దిగుతుంది. కంటికి తెలియదు. గాలి తగ్గిన టైరు ఎక్కువ నలుగుతుంది, ఎక్కువ వేడెక్కుతుంది. వేడికి రబ్బరు, దాని లోపలి ఉక్కు తీగల పొర ఒకదాన్నొకటి వదిలేయడం మొదలవుతుంది. చివరికి టైరు పై పట్టీ ఊడొస్తుంది, లేదా టైరు పక్కభాగం చీలిపోతుంది. హైవే పక్కన పాము కుబుసంలా పడి ఉండే నల్లటి రబ్బరు పట్టీలు అందరం చూసినవే. మనం ‘టైరు పేలింది’ అంటాం. నిజానికి ఆ పేలుడు చాలా గంటల ముందే, ఒక్కోసారి వారాల ముందే మొదలై ఉంటుంది.

వారాల ముందే అనడానికి ఇంకో కారణం నీళ్లు. మేకు దిగిన రంధ్రాన్ని పూర్తిగా పూడ్చకపోతే వాననీరు దాంట్లోంచి ఉక్కు తీగల దాకా చేరుతుంది. తీగలు తుప్పు పడతాయి. లోపల ప్యాచ్ గట్టిగా ఉండొచ్చు, గాలి దిగకపోవచ్చు. టైరు బలం మాత్రం తగ్గుతూ పోతుంది. అందుకే ‘గాలి దిగట్లేదు కదా’ అన్నది భద్రతకు రుజువు కాదు.

పంచర్లన్నీ ఒకటి కాదు

ట్యూబ్‌లెస్ టైరుకు మన షాపుల్లో ఎక్కువగా వేసేది స్ట్రిప్పు. టైరు రిమ్ము మీద ఉండగానే మేకు పీకి, రంధ్రాన్ని సూదితో పెద్దది చేసి, జిగురు పూసిన స్ట్రిప్పును లోపలికి దూరుస్తారు. పని తొందరగా అయిపోతుంది. నడిరోడ్డు మీద, రాత్రిపూట, పిల్లలతో చిక్కుకున్నప్పుడు ఇది నిజంగా ఆదుకుంటుంది. కానీ ఇది తాత్కాలిక పరిష్కారం. మేకు లోపల ఎంత దెబ్బ కొట్టిందో ఎవరూ చూడలేదు. స్ట్రిప్పు ఒక్కటే వేసి వదిలేయడాన్ని అమెరికా టైర్ల తయారీదారుల సంఘం సరైన రిపేరుగా ఒప్పుకోదు.

రెండో రకం, టైరు విప్పి లోపలి వైపు ప్యాచ్ అంటించడం. గాలికి ఇది గట్టి అడ్డు. కానీ రంధ్రం బయటి వైపు తెరిచే ఉంటుంది. నీళ్ల బాధ తప్పదు.

మూడోది మష్రూమ్ ప్యాచ్. పుట్టగొడుగు ఆకారంలో ఉంటుంది. కాడ రంధ్రాన్ని నింపుతుంది, గొడుగు లోపలి వైపు అతుక్కుంటుంది. దీనికి టైరు విప్పాలి, లోపల గీకి శుభ్రం చేయాలి, సొల్యూషన్ ఆరనివ్వాలి, మళ్లీ ఎక్కించి బ్యాలెన్సింగ్ చూసుకోవాలి. స్ట్రిప్పుకు రెండు మూడింతల ఖర్చు, అరగంటకు పైగా సమయం. హైవే మీద నమ్ముకోదగ్గ రిపేరు ఇదే.

దీనికి కూడా హద్దులున్నాయి. రంధ్రం నేలకు తగిలే పట్టీ నడిమి భాగంలోనే ఉండాలి. 6 మిల్లీమీటర్లకు మించకూడదు. టైరు భుజం మీద గానీ, పక్కభాగంలో గానీ తెగితే రిపేరు లేదు, టైరు మార్చడమే. ఎక్కువగా నలిగేది ఆ పక్కభాగమే, అక్కడ ఏ అతుకూ నిలవదు. పాత పంచరు మీద కొత్త పంచరు పడకూడదు. గాలి లేకుండా కిలోమీటరో రెండో నడిపి ఉంటే టైరు విప్పి చూడాల్సిందే. లోపల నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటే ఆ టైరు గోడ చితికిపోయిందని అర్థం. రంధ్రం ఎంత చిన్నదైనా ఇక దాన్ని వాడకూడదు.

టైరు పక్కన ఉండే అంకెలు కూడా చదువుకోవాలి. ‘88 హెచ్’ అని ఉందనుకోండి. 88 అంటే ఆ టైరు 560 కిలోల బరువు మోయగలదు. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. ‘టీ’ అయితే 190, ‘ఎస్’ అయితే 180. మరి 120 ఓ లెక్కా అనిపిస్తుంది. కానీ ఆ అంకె దెబ్బ తగలని, సరిపడా గాలి ఉన్న, మితిమీరి బరువెయ్యని టైరుకు. పంచరు వేశాక ఆ అంకె చెల్లుతుందా అన్నదాంట్లో కంపెనీలే ఒక్క మాట మీద లేవు. పద్ధతి ప్రకారం రిపేరు చేస్తే చెల్లుతుందని కొన్ని, రిపేరయ్యాక వేగం హామీ ఉండదని కొన్ని అంటాయి. మన టైరు కంపెనీ ఏమంటోందో వాళ్ల పుస్తకంలో చూసుకోవాలి. స్ట్రిప్పు వేసిన టైరుకు మాత్రం ఆ అంకె మీద ఆశ పెట్టుకోవద్దు.

బైకుల మీద తిరిగేవాళ్లకు ఒక్క మాట. కారుకు ఒక టైరు పోతే మిగతా మూడు పట్టుకుంటాయి. బైకుకు ఉన్నవే రెండు. భార్యా పిల్లలను ఎక్కించుకుని పెళ్లికో దావత్‌కో హైవే మీద పోయే బండికి స్ట్రిప్పు వేసిన ముందు టైరు ఉండకూడదు.

చట్టంలో ఉంది, చూసేవాళ్లు లేరు

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 94వ నిబంధన టైర్ల గురించే. పట్టీ అరిగి లోపలి దారాలు బయటపడిన టైరు, ఉబ్బు వచ్చిన టైరు, వల్కనైజ్ చేయకుండా బయటి నుంచి అతుకు వేసిన టైరు పనికిరావని అది చెబుతుంది. గాడి లోతు కార్లు, పెద్ద బండ్లకు 1.6 మిల్లీమీటర్లు, బైకులు, ఆటోలకు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం లోపం ఉన్న బండిని రోడ్డెక్కించడం నేరం. తెలిసి నడిపితేనే కాదు, మామూలు జాగ్రత్త తీసుకుంటే తెలిసిపోయే లోపమైనా తప్పే.

మరి చూసేదెవరు? లారీలు, బస్సులు, ట్యాక్సీల్లాంటి రవాణా బండ్లకు ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ 15 ఏళ్లూ దాని టైర్లను చూడాల్సిన సర్కారీ పరీక్ష ఏదీ లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందా, ఇన్సూరెన్స్ ఉందా అని అడుగుతారు గానీ వంగి టైరు చూసేవాళ్లు అరుదు. సొంత నంబర్ ప్లేటుతో కిరాయికి తిరిగే బండ్ల సంగతి చెప్పక్కర్లేదు.

మహారాష్ట్ర ఒక దారి చూపింది. నాగ్‌పూర్–ముంబై సమృద్ధి ఎక్స్‌ప్రెస్ వే మీద ప్రమాదాలు పెరగడంతో 2023లో అక్కడి రవాణా శాఖ ప్రవేశం దగ్గరే టైర్లు తనిఖీ చేసి, అరిగిపోయిన టైర్లున్న బండ్లను వెనక్కి పంపింది. మన ఔటర్ మీద కూడా ప్రతి ప్రవేశం దగ్గర టోల్ గేటు ఉంది. గాడి లోతు కొలిచే పరికరం జేబులో పట్టేంత చిన్నది. వేగం 120కి పెంచినప్పుడే ఈ తనిఖీ కూడా మొదలుపెట్టాల్సింది.

‘టైరు పేలింది’ అంటే కథ ముగిసినట్టేనా?

అదే సమృద్ధి రోడ్డు మీద 2023 జులై 1 అర్ధరాత్రి దాటాక బుల్దానా జిల్లాలో ప్రైవేటు బస్సు బోల్తా పడి, మంటలంటుకుని 25 మంది చనిపోయారు. టైరు పేలిందని డ్రైవర్ చెప్పాడు. టైరు పేలిన ఆనవాళ్లు లేవని రవాణా అధికారుల నివేదిక తేల్చింది. ఇలాంటి మాటను పరీక్షించకుండా వదిలేస్తే నిద్రమత్తు, అతివేగం, ఓవర్‌లోడ్ అన్నీ దాని వెనక దాక్కుంటాయి. నిజంగానే టైరు పేలినచోట కూడా విధి అనుకుని ఊరుకుంటాం. ఎందుకు పేలింది, దానికి పాత పంచరు ఉందా, గాలి ఎంత ఉంది అని అడగం.

అడిగితే ఏం బయటపడుతుందో గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు గుర్తుండొచ్చు. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల పై పట్టీ వేడికి, వేగానికి ఊడిపోతుంటే 1999లోనే సౌదీ అరేబియాలో ఆ టైర్లను మార్చడం మొదలుపెట్టారు. 2000 ఆగస్టులో అమెరికాలో 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచారు. ఆ టైర్ల వైఫల్యాలకు 271 మరణాలు ముడిపడి ఉన్నాయని అక్కడి ప్రభుత్వ సంస్థ లెక్కగట్టింది. అవి పంచరు వేసినందుకు పోయిన టైర్లు కావు. అయినా పాఠం ఒకటే. గాలి తక్కువ, ఎండ ఎక్కువ, వేగం ఎక్కువ అయితే టైరులోని చిన్న లోపం ప్రాణాల మీదికి వస్తుంది.

పంచరు షాపు చిన్న పని కాదు

ఇప్పుడు మన ఇంటి సంగతి. తెలుగు జిల్లాల్లో టైరు పని మీద బతుకుతున్న ముస్లిం కుటుంబాలు తక్కువేమీ కాదు. ఒక కంప్రెసర్, నీళ్ల తొట్టి, రెండు లివర్లు, రేకుల షెడ్డు.. దాంతోనే పిల్లల చదువులు, చెల్లెళ్ల పెళ్లిళ్లు. ఈ పనిని ఎగతాళి చేయడం కొందరికి అలవాటు. 2025 ఏప్రిల్ 14న హర్యానాలోని హిసార్‌లో ప్రధాని నరేంద్ర మోదీ వక్ఫ్ గురించి మాట్లాడుతూ, ఆ ఆస్తులను నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిల్ పంచర్లు వేస్తూ బతకాల్సి వచ్చేది కాదన్నారు. దాని మీద పెద్ద చర్చే జరిగింది.

ఆ చర్చలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. పంచరు వేసే మనిషికి ఈ దేశం ఏం నేర్పింది, ఏం ఇచ్చింది? సొంత కారుకు 15 ఏళ్లపాటు సర్కారు పరీక్ష లేనప్పుడు, ఆ టైరును దగ్గర నుంచి చూసే తనిఖీ అధికారి ఎవరు? రోడ్డు పక్క కూర్చున్న ఆ భాయే. ఆయన ‘ఈ టైరు హైవేకి పనికిరాదు’ అని ఒక్క మాట చెబితే ఒక కుటుంబం బతుకుతుంది. అంత బాధ్యత ఉన్న పనికి మనం ఇచ్చేది వంద రూపాయలు, దానికి తోడు ‘జల్దీ కానీయ్ భాయ్’ అనే తొందర.

2023 సెప్టెంబర్‌లో కేంద్రం తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. తాళాలు బాగుచేసేవాళ్లు, చేపల వలలు అల్లేవాళ్లు, బొమ్మలు చేసేవాళ్లు ఉన్నారు, ఉండాల్సిందే. టైరు పని మాత్రం ఆ జాబితాలో లేదు. 2025లో రాష్ట్ర ప్రభుత్వం రాజీవ్ యువ వికాసం కింద మైనారిటీ యువత నుంచీ దరఖాస్తులు తీసుకుంది. అలాంటి పథకాల్లో టైరు విప్పే మిషన్, బ్యాలెన్సింగ్ మిషన్, మష్రూమ్ ప్యాచ్ సామాను, వారం రోజుల శిక్షణ కలిపి ఒక యూనిట్‌గా ఎందుకు ఇవ్వకూడదు? వర్ధన్నపేటలాంటి హైవే ఊళ్లో అలాంటి షాపు రెండు మూడు కుటుంబాలను నిలబెడుతుంది, వందల కుటుంబాలను కాపాడుతుంది. మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్ ముందు మన పెద్దలు, మసీదు కమిటీలు పెట్టాల్సిన డిమాండ్ ఇది.

షాపు నడిపే భాయిలకూ ఒక మనవి. గిరాకీ పోతుందని పక్కభాగం తెగిన టైరుకు అతుకు వేయకండి. స్ట్రిప్పు వేస్తే ఇది ఊళ్లో తిరగడానికే, హైవే ఎక్కేముందు లోపలి ప్యాచ్ వేయించుకోండి అని చెప్పి పంపండి. ఆ మాట చెప్పినందుకు గిరాకీ పోదు, పేరొస్తుంది.

బయల్దేరే ముందు పది నిమిషాలు

కొత్త టైర్లు కొనుక్కోమని అందరికీ చెప్పడం తేలిక. చిన్న కారు టైరు ఒకటి నాలుగైదు వేలు. అందరికీ ఒకేసారి కుదరదు. కానీ ఈ కొన్ని పనులకు పెద్ద ఖర్చు లేదు.

ముందురోజే టైర్లు చూడండి, బయల్దేరే గంటలో కాదు. బండి చల్లగా ఉన్నప్పుడు గాలి కొట్టించండి. ఎంత గాలి ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. నిండా మనుషులు, సామాను ఉంటే ఎంత అన్నది కూడా అక్కడే వేరుగా రాసి ఉంటుంది. వారంలో రెండుసార్లు గాలి దిగే టైరుతో హైవే ఎక్కొద్దు.

టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఐదారేళ్లు దాటిన టైరుకు గాడులు బాగానే ఉన్నా రబ్బరు గట్టిపడి, పగుళ్లు పట్టి ఉండొచ్చు. అలాంటి దానికి పంచరు కూడా ఉంటే స్పీడు రోడ్డుకు వద్దు.

అద్దె కారు మాట్లాడుకునేటప్పుడు ఏసీ ఉందా అని అడిగినట్టే, ‘టైర్లకు పంచర్లున్నాయా, స్ట్రిప్పులా, లోపలి ప్యాచా, స్టెప్నీలో గాలుందా’ అని అడగండి. డ్రైవర్ చిరాకు పడితే పడనివ్వండి. స్ట్రిప్పు వేసిన టైరే దిక్కనుకుంటే ఔటర్ మీద ఎడమ లేన్‌లో 80 దాటకుండా పొమ్మనండి. విమానానికి గంట ముందే బయల్దేరితే ఆ 80 చాలు.

ఒకవేళ దారిలో టైరు పోతే బ్రేకు గట్టిగా తొక్కొద్దు. స్టీరింగ్ రెండు చేతులతో నిటారుగా పట్టుకుని, ఆక్సిలరేటర్ మెల్లగా వదిలేసి, బండి దానంతట అది నెమ్మదించాక పక్కకు తీయాలి. వెనక సీట్లో ఉన్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి. ఈ రెండు ముక్కలు కొత్తగా డ్రైవింగ్ నేర్చిన మన పిల్లలకు తప్పకుండా చెప్పండి.

ప్రయాణం క్షేమంగా సాగాలని పెద్దలు దువా చేస్తారు. తన ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయాలని మనకు చిన్నప్పుడే నేర్పారు. ఈ కాలంలో ఒంటెను కట్టేయడమంటే టైరు విప్పి చూడడమే. వచ్చేవారం శంషాబాద్ పోవాల్సిన ఇల్లు మీదైతే, ఈ సాయంత్రమే ఓసారి టైరు షాపు దాకా వెళ్లి రండి. స్ట్రిప్పు వేసిన టైరు ఉంటే విప్పించి చూడండి. ఆ అరగంటకు భాయి అడిగిన డబ్బులు బేరం చేయకుండా ఇవ్వండి.